గడ్డపార గొంతు మారేదాకా

రుంఫీ కొండల కింద
మా బడికి పునాది తీస్తున్నారు.
మేస్త్రీ చవింగా మోకాలి లోతు దాటాడు,
నడుము లోతు దాటాడు,
చాలయ్యా అంటే వినడు.
"గడ్డపార గొంతు మారాలి" అంటాడు.
మట్టిలో దిగితే అది గొణుగుతుంది,
బండకు తగిలితే పలుకుతుంది.
ఇంకా గొణుగుతూనే ఉంది.

సంఘ పెద్దలకు తొందర.
న్యీకా పీఠభూమి మీద నవంబరు మబ్బులు
గొడ్ల మందలా కూడుతున్నాయి.
రేకుల డబ్బు సగం మట్టికిందికే పోయిందని
కోశాధికారి లెక్కల పుస్తకం ఊపుతాడు.
చవింగాకు చదువు రాదు.
అరచేతుల్లో ఉమ్ముకుని
మళ్ళీ గడ్డపార ఎత్తుతాడు.

నేను ఒకటో తరగతి టీచర్ని.
నాకూ తొందరే.
ఎనభై ఏడుగురు పిల్లలు, పద్నాలుగు పుస్తకాలు,
క్రిస్మస్‌కి ముందు తనిఖీ.
పొద్దున్నే ఒక్కొక్కరూ
చెదపుట్ట మన్నుతో కాల్చిన ఇటుక ఒకటి
నెత్తిన పెట్టుకుని వస్తారు,
దించి, దులుపుకుని, వరసలో కూర్చుంటారు.

అందులో లుసుంగు.
వాళ్ళ భాషలో ఆ పేరుకి కృప అని అర్థం.
కీర్తన మొత్తం గుక్క తిప్పుకోకుండా చెబుతుంది,
కాపరి దగ్గర గొంతు తగ్గించి
శత్రువుల దగ్గర పెంచి.
ముసలమ్మలు కళ్ళొత్తుకుంటారు.
ఆదివారం ఆమెను ముందు నిలబెట్టి
నేను పక్కన నిలబడేదాన్ని, కొంచెం పొడుగ్గా.

ఒకరోజు పేజీ తెరిచి చేతికిచ్చాను.
వరసల మీద వేలు నడిపిస్తూ
ఒక్క మాట జారకుండా చెప్పింది.
పుస్తకం తలకిందులుగా ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
గోడలు లేపాను, సున్నం కూడా కొట్టాను,
అడుగున ఏముందో ఒక్కసారీ
కాలితో తట్టి చూడలేదు.
మోకాళ్ళ మీద ఉన్నాను కానీ
నా ప్రార్థనలో మాత్రం ఎన్ని మాటలు
నేను చదివినవి?

తెల్లారి నేల మీద బూడిద పరిచి
మళ్ళీ మొదటి అక్షరం.
రోజుకొకటి.
కొన్ని రోజులు అదీ కాదు.

మధ్యలో ఇసుక మీద ఇల్లు, బండ మీద ఇల్లు కథ చెప్పాను.
చిటింబా ఒడ్డున జాలరుల గుడిసెలు
కొట్టుకుపోవడం చూసిన పిల్లలే,
తలలూపారు.
లుసుంగు చెయ్యెత్తింది.
"మా బాబాయి ముంతలి వాళ్ళ పార తెచ్చుకున్నాడు.
రెండేళ్ళయింది, ఇవ్వలేదు.
దేవుణ్ణి క్షమాపణ అడిగేశాడట.
అందరికన్నా గట్టిగా ఆమెన్ అంటాడు.
ఆయనది ఇసుకా టీచర్, బండా?"

నా దగ్గర జవాబుంది.
సండే స్కూల్లో కంఠతా పట్టింది,
నాలుక చివరిదాకా వచ్చింది.
తలకిందుల పుస్తకం గుర్తొచ్చి మింగేశాను.
"తెలీదమ్మా. తవ్వి చూద్దాం."

గురువారం పొద్దున
కందకం అంచున ఒక పార ఆనించి ఉంది,
కొత్త పిడితో.
ఎవరూ ఏమీ అడగలేదు.
ముంతలి వచ్చి చూసి, పని అయ్యాక తీసుకుంటానన్నాడు.
చవింగా దాన్ని పుచ్చుకుని లోపలికి దిగాడు.

మధ్యాహ్నం, కూడికల మధ్యలో,
గడ్డపార పలికింది.
ఎనభై ఏడు తలలు ఒక్కసారిగా అటు తిరిగాయి.

రేకులు ఈ ఏడు రావు.
గోడ లుసుంగు భుజం దాకా లేచింది, అంతే.
మొదటి వాన చినుకుల్లో
సిమెంటు బస్తా ముందు ఆ పిల్ల ఆగిపోయింది,
అక్షరం మీద అక్షరం పేర్చింది,
"త... డ... వ... నీ... య... కు."
ఒంటిమీది చిటెంగె గుడ్డ విప్పి కప్పేసింది.

చవింగా బస్తాకేసి చూశాడు.
"అలా రాసుందా?
ముప్ఫై ఏళ్ళుగా మోస్తున్నాను."

కాసేపు వానలో అలాగే నిలబడి
పిల్ల దగ్గర వంగాడు.
"మొదటిది ఏది? చూపించు."